కొండల నడుమ శ్రుతి వలయము

రాజమహేంద్రవరము నుండి గోకవరము, రంపచోడవరముల మీదుగా మారేడుమిల్లికి సుమారు 85 కిలోమీటర్ల దారి. అక్కడినుండి చింతూరు వైపు ఘాటు రోడ్డున సాగినకొలది చేతిలోని ఫోనుపై గీతలు ఒక్కొక్కటే తగ్గి, కొన్ని మలుపులలో బొత్తిగా లేకుండపోవును. యాత్రికునికి ఇది కాసేపటి విసుగు మాత్రమే. లోయలో కాపురమున్న వారి సంగతి అట్టిది కాదు. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి నీటిమట్టము 71 అడుగులు దాటినపుడు శబరి వెనుకకు పోటెత్తి చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మండలములలో ఊళ్ళకు ఊళ్ళు మునిగినవి. అట్టి రోజులలో ముందుగా దారి పోవును. వెంటనే కరెంటు పోవును. కరెంటు మీద బ్రతికే టవరు తన బ్యాటరీలు ఉన్నంతవరకే పలుకును. అటుపిమ్మట ఒక మనిషి మాట కొండ దాటి పోవుటకు ఉపాయమేమి? నేటి ప్రసంగములో నేను చెప్పబోవు తీగచుట్టకును, కండెన్సరుకును ఈ ప్రశ్నతోనే సంబంధము.

కొండ ఎదుట నిలిచిన తరంగమునకు రెండే దారులు. ఫోనులు, పోలీసువారి చేతి సెట్లు వాడు తరంగములు మిక్కిలి హెచ్చు పౌనఃపున్యము గలవి. అవి వెలుతురువలె దాదాపు తిన్నగా పోవును గనుక కొండ చాటున నీడ పడును. ఆ నీడను పోగొట్టవలెనన్న కొండకొమ్మున మరొక స్తంభము నాటవలసినదే. రెండవ దారి పైకి. 7 మెగాహెర్ట్జ్ తరంగమును, అనగా సెకనుకు 70 లక్షల కంపనములు గలదానిని, నడినెత్తిమీదికి పంపితిమేని అది రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున, సూర్యకిరణములచే విద్యుత్తు ఆవేశించిన వాయుపొరను తాకి జల్లువలె తిరిగి నేలకు దిగును. చుట్టును మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర ఆ జల్లులో తడియును. లోయగోడలకు ఇందులో జోక్యము లేదు. మారేడుమిల్లి నుండి తిన్నగా కొలిచినచో హైదరాబాదు సుమారు 350 కిలోమీటర్లు; విజయవాడ ఇంకను దగ్గర. రెండును ఆ జల్లు పడు మేరలోనివే.

ఇందుకు ఆకాశమంటు స్తంభము అక్కరలేదు. మొత్తము 20 మీటర్ల రాగితీగ, నడుమ తెగ్గొట్టి ఇరువైపుల పదేసి మీటర్లు, రెండు చెట్ల నడుమ పదిహేను అడుగుల ఎత్తున కట్టిన చాలును. పుస్తకములన్నియు ఏరియలును వీలైనంత ఎత్తున కట్టుమని బోధించును. దూరదేశములతో మాటాడగోరు వానికి ఆ బోధ సరియే. లోయలో కూర్చుండి పొరుగు జిల్లాతో మాటాడదలచిన వానికి మాత్రము తక్కువ ఎత్తే మేలు. చీకటిపడిన తరువాత పైపొర పలుచబడి 7 మెగాహెర్ట్జ్ తరంగము దానిని చీల్చుకొని అంతరిక్షములోనికి పోవచ్చును, అప్పుడు 3.5 మెగాహెర్ట్జ్‌కు దిగవలెను. అనుభవజ్ఞులు పొద్దును బట్టి తరంగమును మార్చుకొందురు, జాలరి పోటుపాటులను బట్టి వల మార్చినట్లు.

ఈ తరంగములపై మాటాడు హక్కు ఎవరికి ఉన్నది? ఔత్సాహిక రేడియో అను వ్యాసంగము వారికి. లోకమంతట వారిని హామ్‌లందురు. ప్రభుత్వపు పరీక్షలో నెగ్గి, అనుమతిపత్రము పొంది, లాభాపేక్ష లేక, తమ స్వంత యంత్రములతో పరస్పరము మాటాడుకొనువారు వీరు. మా ప్రసార వృత్తికి వీరు ఒక విధముగా పూర్వులు. మన కోస్తా జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజులలో, 1924 మే నెలలో, సి. వి. కృష్ణస్వామి చెట్టిగారు మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి, జూలై 31వ తేదీన ప్రసారములు ప్రారంభించినారు. ప్రభుత్వము ఈ పనికి పూనుకొనక మునుపే ఔత్సాహికులు పూనుకొన్నారు. రెండవ ప్రపంచయుద్ధ కాలములో వీరి అనుమతులు రద్దయినవి. యుద్ధానంతరము సైన్యము వదలించుకొన్న పాత సామగ్రి బజారున పడినపుడు వీరికి పండుగయైనది.

వీరి పని వట్టి కాలక్షేపమనుకొనువారికి 2004 డిసెంబరును జ్ఞాపకము చేయవలెను. 1983లో హైదరాబాదులో నెలకొన్న జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ తరపున భారతీ ప్రసాద్‌గారు ఆ నెల మొదట అండమాను దీవులకు వెళ్ళి, పోర్టు బ్లెయిరు నుండి ప్రపంచములోని హామ్‌లతో మాటాడుచుండిరి. అండమాను నుండి హామ్ కంఠము వినబడుట అపూర్వము గనుక అది ఒక వేడుక వంటి యాత్ర. 26వ తేదీ ఉదయము సునామీ వచ్చినది. తంత్రులు, టెలిఫోనులు మూగవోయినవి. వేడుకకు తెచ్చిన యంత్రమే ఆ క్షణమునుండి దీవులకు, భారత భూభాగమునకు నడుమ వార్తలు మోసినది. ఆప్తుల క్షేమము తెలియక అల్లాడుచున్న వారికి కబురులు అందించినది. సముద్రము చేసిన పనినే కొండలలో వరద చేయును.

ఇక యంత్రము లోనికి పోవుదము. రేడియోకు ప్రాణమైన భాగము శ్రుతి వలయము. ఒక తీగచుట్ట, ఒక కండెన్సరు, రెండును కలిసిన జత. అంతకు మించి ఏమియు లేదు. కండెన్సరు పలకలలో నిలువయున్న విద్యుత్తు తీగచుట్ట గుండ ప్రవహించి అయస్కాంతశక్తిగా మారును. ఆ శక్తి కుంగునపుడు మరల విద్యుత్తుగా మారి ఎదుటి పలకను నింపును. ఉయ్యాలవలె ఈ రాకపోకలు ఒక నియత వేగముతో సాగును. ఉయ్యాల తాడు పొడవు మారిన ఊగు వేగము మారినట్లే చుట్ట ప్రేరకత గాని, కండెన్సరు కొలత గాని మారిన ఈ వేగము మారును. ఏరియలులో వేయి కేంద్రముల తరంగములు ఏకకాలమున వచ్చి పడుచున్నను, ఉయ్యాల వేగముతో సరిపోలు తరంగము మాత్రమే దానిని పెద్దగా ఊపగలదు. సర్ ఆలివర్ లాడ్జి ఈ శ్రుతి సూత్రమునకు 1897లో పేటెంటు కోరినాడు. అంతకు మునుపటి నిస్తంత్రి యంత్రములు పెద్ద బజారులో అందరును ఒకేసారి కేకలు వేసినట్లుండెను.

లెక్క చూడుడు. 5 మైక్రోహెన్రీల ప్రేరకత గల తీగచుట్టకు 100 పికోఫారడుల కండెన్సరును జతచేసిన, ఆ వలయము దాదాపు 7.1 మెగాహెర్ట్జ్ వద్ద పలుకును. హామ్‌లకు కేటాయించిన 7.0 నుండి 7.2 వరకు గల పట్టీకి అది సరిగా నడిమి చోటు. మరి 5 మైక్రోహెన్రీలు ఎట్లు వచ్చును? 25 మిల్లీమీటర్ల వ్యాసము గల గొట్టముపై 20 నెంబరు ఎనామెలు తీగను 17 మిల్లీమీటర్ల నిడివిలో 15 చుట్లు చుట్టినచో వచ్చును. ఇంట దొరకు స్కేలుతో కొలువదగినంత పనియే.

గొట్టము ఏది అన్నచోట మారేడుమిల్లికి తనదైన సమాధానమున్నది. బజారులో ప్లాస్టికు గొట్టములు దొరకును, నిజమే. కాని అడవి నిండ వెదురున్న ఊరిలో బొంగు ముక్కపై చుట్టి చూచుట ఎవరికైనను తోచెడి పనియే. పోయిన చలికాలమున ఒక హామ్ మిత్రునితో అక్కడికి వెళ్ళినపుడు మేము ఆ పనికే పూనుకొన్నాము. మా చేతిలోని ముక్కను చూచి ఒక కొండరెడ్డి పెద్ద, “పచ్చిది బాబుగారూ ఇది, వానకి ఉబ్బుద్ది. చీకటి పక్షంలో కొట్టి ఎండేసింది తెమ్మంటాను ఉండండి” అని, తన దొడ్డికంచె నుండి ఎండి గంటవలె మ్రోగు ముక్కను తెప్పించి ఇచ్చినాడు. ఆ మాటలో విజ్ఞానమున్నది. పచ్చి వెదురులోని తేమ తరంగశక్తిని తానే త్రాగివేయును. ఉయ్యాలను నీళ్ళలో ఊపినట్లగును. పైగా తేమ హెచ్చుతగ్గులకు బొంగు ఉబ్బి, కుంచించుకొని, చుట్ట కొలతను మార్చివేయును. అక్కడ యాత్రికులు ఇష్టపడి తిను బొంగు కోడికి పచ్చి వెదురు కావలెను. తీగచుట్టకు కావలసినది ఎండినది. ఎండిన ముక్కను మరి కొన్ని రోజులు ఎండబెట్టి, కరిగిన తేనెమైనములో ముంచి తీసిన యెడల వానకాలపు గాలి దానిలోనికి దూరదు. మైనమును నేరుగా మంటపై పెట్టరాదు. వేడినీళ్ళ గిన్నెలో మరొక గిన్నెనుంచి కరిగించవలెను. తేనె సేకరణ జీవనముగా గల ఆ కొండలలో మైనమునకు కొరత లేదు.

చుట్ట సిద్ధమైనది. ఇప్పుడు కండెన్సరు. పాత రేడియోలలో తళతళలాడు అల్యూమినియము రేకులు ఒకదానిలో ఒకటి దూరుచు తిరుగునది చాలమంది చూచియే ఉందురు. మెకానికులు దానిని గ్యాంగు అందురు. దాని గరిష్ఠపు కొలత సుమారు 500 పికోఫారడులు. దానిని మన చుట్టకు తగిలించి తిప్పిన ఏమగును? 3 మెగాహెర్ట్జ్ పైచిలుకు నుండి 9 వరకు ఒక్క అరచుట్టులో పరుగెత్తును. మనకు కావలసిన 7.0, 7.2 ల నడుమ భేదమునకు ఎంత కొలత మారవలెనో లెక్కకట్టిన, 6 పికోఫారడులకు కొంచెము తక్కువ. అనగా 180 డిగ్రీల తిరుగుడులో ఇంచుమించు 2 డిగ్రీలు! ఆ రెండు డిగ్రీలలో పదుల కొలది సంభాషణలు ఇరుకుకొని కూర్చున్నవి. వ్రేలు వణికిన ఒక సంభాషణ పోయి మరొకటి వచ్చును.

మన తంబురా చేసినవారు ఈ చిక్కును ఎప్పుడో విప్పినారు. తంబురాకు పైన బిరడలున్నవి, క్రింద పూసలున్నవి. బిరడ త్రిప్పి శ్రుతిని స్థూలముగా కుదుర్చుకొందురు. తరువాత పూసను వెంట్రుకవాసి జరిపి తీగను నిక్కమైన స్థానమున నిలుపుదురు. ఒక్క బిరడతోనే అంతయు చేయబూనిన గాయకుని నేనింతవరకు చూడలేదు. రేడియోలోను అంతే. 82 పికోఫారడుల స్థిరమైన కండెన్సరును బిరడగా ఉంచవలెను. తీగలు, ట్రాన్సిస్టరు తమంతట తాము తెచ్చు కొలత మరొక 10 ఉండును. వీనికి తోడు 5 నుండి 15 వరకు మాత్రమే మారు చిన్న కండెన్సరును పూసగా కలిపితిమేని, మొత్తము 97 నుండి 107 వరకు మారి, వలయము 7.2 కు కొంచెము పైనుండి 6.9 కు కొంచెము క్రిందివరకు నడచును. రెండు డిగ్రీలలో ఇరుకుకొన్న పట్టీ ఇప్పుడు మీట తిరుగుడులో సగమునకు పైగా పరచుకొనును. పెద్ద గ్యాంగులోని రేకులను పట్టుకారుతో జాగ్రత్తగా ఊడదీసి, రెండు మూడు మాత్రము మిగిల్చి ఇట్టి చిన్న కండెన్సరును ఇంటనే చేసికొనువారున్నారు.

వినుటకు చేయు సులువైన యంత్రములో ఇట్టి వలయములు రెండుండును. ఏరియలు వాకిట నిలిచినది కావలివాడు. 7 మెగాహెర్ట్జ్ ప్రాంతమును రానిచ్చి తక్కినవారిని నిలుపును. మంచి చుట్ట అయినను అది రానిచ్చు వెడల్పు 70 కిలోహెర్ట్జ్ ఉండును, ఒక కంఠమునకు కావలసినదా 3 కిలోహెర్ట్జ్ మాత్రమే. అందుచేత కంఠములను విడదీయు పని రెండవ వలయమునకు అప్పగించినారు. అది తానే స్వయముగా 7 మెగాహెర్ట్జ్ వద్ద కంపించుచు, వచ్చిన తరంగముతో కలియబడును. రెంటి భేదమే చెవికి వినబడు ధ్వని. రెండు తంబురాలు ఇంచుమించు శ్రుతిలో ఉన్నపుడు వినవచ్చు అలలవంటిదే ఈ భేదము.

ఈ రెండవ వలయమునకు ఒక్క దుర్గుణమున్నది: నిలకడలేమి. 100 పికోఫారడులలో ఒక పికోఫారడున పదవవంతు మారినచో చాలు, శ్రుతి 3.5 కిలోహెర్ట్జ్ జరిగిపోవును. అనగా వినుచున్న కంఠము పూర్తిగా చేజారును. మారేడుమిల్లిలో చలికాలపు సాయంకాలము ఎండ తగ్గిన గంటలోనే గాలి ఎంత చల్లబడునో అక్కడ రాత్రి గడపినవారికి తెలియును. బజారులో చవుకగా దొరకు మామూలు పింగాణి కండెన్సరు ఆ చలికి తన కొలతను ఇష్టము వచ్చినట్లు మార్చుకొనును. ఎన్‌పీ సున్న అను రకమును గాని, పాలీస్టైరీను రకమును గాని అడిగి తీసికొనవలెను. కొన్ని రూపాయల భేదము. యంత్రమంతటిలో పిసినారితనము పనికిరాని చోటు ఇదొక్కటే అని నా అభిప్రాయము. తీగను బిగువుగా చుట్టి, చుట్లు కదలకుండ మైనముతో గాని లక్కతో గాని పట్టించవలెను. మనిషి చేయి దగ్గరకు వచ్చినను శ్రుతి జరుగును గనుక, వలయమును రేకు డబ్బాలో మూసివేయవలెను. బిస్కత్తుల డబ్బా ఇందుకు చక్కగా పనికివచ్చును. కరెంటు వేసిన పావుగంట వరకు శ్రుతిని నమ్మరాదు. గాయకులు కచేరీకి ముందే తంబురాను సభలో ఉంచి గాలికి అలవాటు పడనిత్తురు గదా.

ఇట్టి పనిముట్లతో మనవారు ఎంతవరకు పోయినారన్నది తెలిసికొనదగిన సంగతి. హైదరాబాదు వాస్తవ్యుడు అష్హర్ ఫర్హాన్ అను హామ్, ఈ శతాబ్దపు మొదటి సంవత్సరములలో బిట్‌ఎక్స్ అను యంత్రమును రూపొందించి, దాని పటమును అందరికి ఉచితముగా ఇచ్చినాడు. వినుట, పలుకుట రెండును చేయు యంత్రమది. శక్తి 6 వాట్లు, ఒక చిన్న బల్బుపాటి. విదేశపు విడిభాగముల కొరకు ఎదురుచూడ నక్కరలేకుండ, కోఠి వంటి బజారులలో దొరకు మామూలు ట్రాన్సిస్టరులు, టెలివిజను సామగ్రిలోని చిన్న వస్తువులతోనే చేయునట్లు దానిని దిద్దినాడు. అయస్కాంతపు వలయములు దొరకనిచోట నీటి కొళాయి వాషర్లపై తీగ చుట్టి పని జరుపుకొన్న ఔత్సాహికులు ఉన్నారు. 2016లో ఇదే యంత్రము 7 మెగాహెర్ట్జ్‌కు తయారైన పలకగా వెలువడినది. హైదరాబాదులో స్త్రీల బృందమొకటి చేతితో తీగలు చుట్టగా ఆ పలకలు ఖండాంతరములకు పోయినవి. వేలరూపాయల విదేశీ యంత్రము కొనలేక ఊరకున్న విద్యార్థులు ఎందరో వానితో గాలిలో కంఠము విప్పినారు.

ఈ మాట విన్న తరుణులు, ఇప్పుడు గోరంత చిప్పు ఒకటి ఏ పౌనఃపున్యమునైనను అంకెలతో పుట్టించుచుండగా వెదురుపై తీగ చుట్టుట దేనికని అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. బిట్‌ఎక్స్ కూడ తరువాతి కాలమున అట్టి చిప్పును స్వీకరించినది, శ్రుతి రాయివలె నిలిచినది. అయినను ఏరియలు వాకిట కావలివాడు ఇప్పటికిని తీగచుట్టయే. ఆ ఉద్యోగమునకు చిప్పు పనికిరాదు. మరొక మాట. చిప్పు చెడిన క్రొత్తది పట్టణమునుండి రావలెను. దారి మునిగిన వారమున అది రాదు. చుట్ట తెగినచో తెగిన చోటనే విప్పి చుట్టుకొనవచ్చును. నిర్మించి ఎరిగినవాడు మాత్రమే మరమ్మతు చేయగలడు, మరమ్మతు చేయగలవాడు మాత్రమే లోయలో యంత్రమును నమ్ముకొనగలడు.

వినుట వరకు ఎవరైనను చేయవచ్చును. పలుకుటకు మాత్రము కేంద్రప్రభుత్వపు కమ్యూనికేషన్ల శాఖ ఇచ్చు అనుమతిపత్రము తప్పనిసరి; అది లేక పలుకుట నేరము. 12 ఏళ్ళు నిండినవారు పరీక్షకు కూర్చుండవచ్చును. ఏజెన్సీ పాఠశాలలలో తొమ్మిది, పది తరగతులు చదువు పిల్లలకు ఆ పరీక్షలోని విద్యుచ్ఛక్తి పాఠములు కొరుకుడు పడనివి కావు. ప్రతి మండలమున అనుమతి గల ఇద్దరు యువకులు, ఒక సౌరఫలకము, ఒక మోటారు బ్యాటరీ ఉన్న, వరదవారమున సంగతి మరొక విధముగా ఉండును. ఇది నా స్వంత మాట. ఏ కార్యాలయపు మాటయు కాదు.

చివరకు మీటపై అంకెలు వేయు పని మిగిలినది. 2009 మార్చి 29 నుండి అంతర్జాతీయ నిర్ణయానుసారము 7.1, 7.2 ల నడుమ గల చోటును ప్రసారకులు ఖాళీచేసి హామ్‌లకు విడిచిపెట్టినారు, 7.2 కు పైన మాత్రము మావంటి ప్రసారకుల పెద్ద గొంతులు సాయంకాలమున గట్టిగా వినబడును. మీట కుడిచివర సంగీతమో, వార్తలో మ్రోగుచున్న యెడల హద్దు దాటినట్లే. ఇంతకంటె నిక్కమైన గుర్తు కావలెనన్న, 3.579 మెగాహెర్ట్జ్ అని ముద్రించిన స్ఫటికమొకటి చాల చవుకగా దొరకును. ఒక్క ట్రాన్సిస్టరుతో దానిని కంపింపజేసిన దాని రెట్టింపు స్వరము 7.159 వద్ద సన్నని ఈలవలె వినబడును. ఈల మంద్రమునకు దిగి దిగి ఆగిపోయిన చోట మీటపై పెన్సిలుతో గీత గీయుడు. అక్కడినుండి ఎడమకు నెమ్మదిగా త్రిప్పుచు రండు. మధ్యాహ్నపు వేళ అయినచో హైదరాబాదు, చెన్నపట్టణము, బెంగుళూరు కంఠములు ఒకదాని తరువాత ఒకటి వినవచ్చును.